పగలు పచ్చన... రాత్రి ఎర్రన!

నర్సీపట్నం కొండల్లో ఓ రాయి దొరుకుతుంది. ఎండలో దానిది ఒక రంగు, దీపం దగ్గర మరో రంగు. ఆ మాయ వెనకున్న శాస్త్రం ఎంత ముచ్చటగా ఉంటుందో... దానికోసం సాగే తవ్వకం అంత భయం పుట్టిస్తుంది.

చీరల కొట్లో ఎంత నచ్చిన చీరైనా సరే, గుమ్మం దాకా తెచ్చి ఎండలో ఓసారి చూసుకోనిదే ఏ ఇల్లాలూ పర్సు తీయదు. ట్యూబులైటు కింద నెమలికంఠం రంగులా మెరిసిన అంచు, బయటికొచ్చేసరికి వెలిసిన నీలంలా కనిపించడం అందరికీ అనుభవమే. అప్పుడు చీరను తిట్టుకుంటాం, కొట్టువాణ్ని తిట్టుకుంటాం. దీపాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు.

విశాఖ మన్యం ముఖద్వారమైన నర్సీపట్నం చుట్టుపక్కల కొండల్లో దొరికే ఓ రాయి ఈ సంగతిని ఇంకా గట్టిగా చెబుతుంది. మేలురకం ముక్కయితే పొద్దున ఎండలో పచ్చగా, కొంచెం నీలం కలిసిన ఆకుపచ్చలో ఉంటుంది. అదే ముక్కను రాత్రి నూనెదీపం పక్కన పెడితే... దానిమ్మగింజ! మధ్యలో ఎవరూ దానికి రంగు పులమలేదు, కాల్చలేదు, కడగలేదు. మారింది దీపం ఒక్కటే.

దానిపేరు అలెగ్జాండ్రైట్. 1830ల్లో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో, పచ్చలు తవ్వుతున్నచోట మొదటిసారి బయటపడింది. తర్వాతి కాలంలో రెండో అలెగ్జాండర్ చక్రవర్తి అయిన యువరాజు పేరు దానికి పెట్టారు. ఆ తర్వాత శ్రీలంకలో దొరికింది. 1987లో బ్రెజిల్‌లోని హెమటీటా అనేచోట దొరికినప్పుడైతే జనం ఎగబడ్డారు. రత్నశాస్త్రం పుస్తకాల్లో ఈ దేశాల వరుసలోనే ఆంధ్రప్రదేశ్ అని, దానికింద నర్సీపట్నం అని కూడా రాసి ఉంటుంది. ఊళ్లో చాలామందికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ‘రంగురాళ్లు’ అంటే మాత్రం తెలియనివాళ్లు లేరు.

మైదానం ఆగిపోయేచోటు

విశాఖపట్నం నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. జాతీయ రహదారి వదిలి లోపలికి తిరిగితే చెరకు తోటలు, జీడిమామిడి, వరి... వాటి వెనక నీలంగా కొండల వరుస. రైల్వే టైంటేబుల్లో ‘నర్సీపట్నం రోడ్డు’ అని ఓ స్టేషన్ కనిపిస్తుంది. అది చూసి రైలెక్కినవాళ్లు దిగాక బస్సు కోసం వెతుక్కోవాలి, ఎందుకంటే స్టేషన్ పేరులో ‘రోడ్డు’ అన్నమాటే నిజం. ఊరు అక్కణ్నుంచి చాలా లోపలికి ఉంటుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీశాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఎగువనున్న చింతపల్లి, కొయ్యూరు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద గీత పడింది కానీ మన్యం నుంచి దిగేవాళ్లకు ఇప్పటికీ సంతైనా ఆసుపత్రైనా మొదట కనిపించేది నర్సీపట్నమే. ఊరి పక్కనే బలిఘట్టం. అక్కడ వరాహనది ఉత్తరానికి తిరిగి పారుతుంది, ఒడ్డున శివాలయం. ఇంకో దారి పట్టుకుని గొలుగొండ దాటితే కృష్ణదేవిపేట. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా మూడురోజులు దాడిచేసిన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లలో మధ్యది ఇదే. ఆయన సమాధి కూడా ఇక్కడే.

ఆ గొలుగొండ మండలంలోనే ఉంది కరక. పైన చింతపల్లి వైపు సిగనాపల్లి. రంగురాళ్ల తవ్వకాల వార్త వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో కనిపించే పేర్లివి.

అసలు ఇక్కడే ఎందుకు? తూర్పుకనుమలు చాలా ముసలివి. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట నేల అడుగున ఎంతో లోతులో, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి గట్టిపడ్డ రాయి ఇది. ఇక్కడి రాయికి ‘ఖోండలైట్’ అన్న పేరు కూడా ఈ కొండల్లోని ఖోండు గిరిజనుల పేరుమీద పెట్టిందే. ఆ రాళ్ల పగుళ్లలోకి, చివరగా చల్లారిన శిలాద్రవం దూరి పెగ్మటైట్ తీగలుగా బిగుసుకుంది. బెరీలియం అనే అరుదైన మూలకం ఆ తీగల్లో పోగవుతుంది. క్రోమియం కాపురమేమో వేరే... భూగర్భంలో బాగా లోతునుంచి వచ్చే నల్లరాళ్లలో. ఈ రెండూ ఒకచోట కలవడం అరుదు. కలిస్తే, మధ్యలో అల్యూమినియం కూడా ఉంటే, అప్పుడు పుడుతుంది అలెగ్జాండ్రైట్. ఒక బెరీలియం, రెండు అల్యూమినియం, నాలుగు ఆక్సిజన్... ఇదీ దాని కూర్పు. అల్యూమినియంలో ఏ కొద్దిపాటినో పక్కకు నెట్టి క్రోమియం కూర్చుంటుంది. చింతపల్లి కొండల నెత్తిన ఎర్రగా పరుచుకున్న బాక్సైట్‌లో ఉన్నదీ అదే అల్యూమినియం. అక్కడది మట్టి, ఇక్కడ మణి.

తమాషా ఏమిటంటే క్రోమియాన్నీ బెరీలియాన్నీ కనిపెట్టింది ఒక్కడే. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త వాక్లే 1797లో మొదటిదాన్ని, మరుసటేడు రెండోదాన్ని గుర్తించాడు. ఆ రెండూ చేయీచేయీ కలిపి ఆడే ఆటను మాత్రం ఆయన చూడలేదు. ఉరల్ రాయి బయటపడేనాటికి ఆయన లేడు.

రంగు రాయిలో లేదు

రంగు రాయిలో ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి రాయి చేసేది ‘తినడం’. మీదపడ్డ తెల్లని వెలుగులో ఉన్న రంగుల్లోంచి కొన్నిటిని మింగేసి, మిగతావాటిని వదిలేస్తుంది. వదిలేసిందే మన కంటికి చేరుతుంది. మింగేది ఎవరంటే, రాయిలోని క్రోమియం పరమాణువులో ఉన్న ఎలక్ట్రాన్లు. వాటికి మెట్లున్నాయి. కింది మెట్టునుంచి పైమెట్టుకు ఎగరడానికి సరిగ్గా సరిపోయే శక్తి ఉన్న కాంతి వస్తేనే పట్టుకుంటాయి. ఎక్కువా తక్కువా అయితే వదిలేస్తాయి. బస్సు కండక్టరు దగ్గర చిల్లర లేనట్టన్నమాట... సరిపడా ఇస్తేనే టిక్కెట్టు.

ఆ మెట్ల ఎత్తును నిర్ణయించేది చుట్టూ కాపలా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు. అవి ఎంత దగ్గరగా బిగించి ఉంటే మెట్టు అంత ఎత్తు. కెంపులో బిగువు ఎక్కువ. క్రోమియం పసుపుపచ్చ, ఆకుపచ్చల్ని, మరోవైపు ఊదానూ తినేస్తుంది. మిగిలేది ఎరుపు. మరకతంలో కాస్త వదులు. అక్కడ అదే క్రోమియం నారింజనూ ఎరుపులో కొంతభాగాన్నీ మింగి ఆకుపచ్చను వదులుతుంది. అంటే కెంపు ఎరుపూ పచ్చ పచ్చదనమూ ఒకే మూలకం పెట్టిన భిక్ష! అలెగ్జాండ్రైట్‌లో బిగువు ఈ రెంటికీ నడిమధ్యన ఉంటుంది. 570-580 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు రంగున్నచోట, అది గోడ కడుతుంది. గోడకు అటొక కిటికీ, ఇటొక కిటికీ. ఒకదాంట్లోంచి ఆకుపచ్చ-నీలం వస్తాయి, రెండోదాంట్లోంచి ఎరుపు. రెండు కిటికీలూ దాదాపు సమానం.

ఇక తీర్పు చెప్పాల్సింది దీపమే. పగటి వెలుగులో నీలం, ఆకుపచ్చ దండిగా ఉంటాయి. పైగా మన కన్ను ఆకుపచ్చకే ఎక్కువ స్పందిస్తుంది. కాబట్టి రాయి పచ్చగా కనిపిస్తుంది. నూనెదీపం, కొవ్వొత్తి, పాత ఫిలమెంటు బల్బు... వీటి వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, నీలం నామమాత్రం. త్రాసు అటు మొగ్గుతుంది. రాయి ఎర్రబడుతుంది. తెల్లకాగితం మాత్రం రెండుచోట్లా మనకు తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే దీపం రంగును మెదడు తీసివేసి లెక్కకడుతుంది. మెదడు సర్దుబాటుకు లొంగని రాయి ఇది.

మరి పిల్లికన్ను సంగతేంటి?

ఇదే జాతిలో ఇంకో రాయీ ఈ ప్రాంతంలో దొరుకుతుంది. నవరత్నాల్లో వైడూర్యంగా చెప్పే పిల్లికన్ను. క్రోమియం బదులు ఇనుము ఉంటే తేనెరంగు. ఇక్కడ ఆట వేరు, మింగడం కాదు. రాయి లోపల జుట్టుకన్నా సన్నని సూదులు, ఖాళీ గొట్టాలు ఒకేవరుసలో పేర్చినట్టు ఉంటాయి. పట్టుదారం ఉండను వెలుగులో పట్టుకుంటే దారానికి అడ్డంగా ఓ తెల్లని మెరుపుగీత కనిపిస్తుంది కదా, అలాంటిదే. రాయిని గుండ్రటి బొడిపెలా సానపడితే ఆ గీత నడుమన నిలబడి, తిప్పినకొద్దీ కదులుతుంది. సానపట్టేవాడు సూదుల దిశను ఒక్క పిసరు తప్పుగా అంచనా వేశాడా... కన్ను పక్కకు పోతుంది, ధర కిందకు పోతుంది.

వైడూర్యం అన్నమాట ప్రాకృతం మీదుగా గ్రీకుకు చేరి బెరిల్ అయిందని, బెరీలియం పేరు అందులోంచే వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. మన మాటే దేశాలు తిరిగి రసాయనశాస్త్రం పుస్తకంగా వెనక్కొచ్చిందన్నమాట.

గోతిలో ఏ వెలుగు?

కర్నూలు వైపు తొలకరికి జనం వజ్రాల కోసం చేలమీద వెతుకుతారు. అక్కడ రాయి పైనే ఉంటుంది. ఇక్కడలా కాదు. రాళ్లున్న పొర మట్టికింద ఉంటుంది. గొయ్యి తీయాలి, అడుగున అడ్డంగా సొరంగంలా తొలవాలి, మట్టిని మోసి వాగు దగ్గరకు తెచ్చి కడగాలి. రిజర్వు అటవీ ప్రాంతంలో ఈ తవ్వకం చట్టవిరుద్ధం. అందుకే చాలావరకు రాత్రిపూట, చేతిలో టార్చి పెట్టుకుని సాగుతుంది. దొంగచాటు పనికి దూలాలు, ఊతాలు ఎవరు పెడతారు? వానకు నానిన ఎర్రమట్టి ఎప్పుడు కూలుతుందో తెలియదు. కూలి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. తవ్వినవాడు నేరస్థుడి లెక్క కాబట్టి, ఇంట్లోవాళ్లు పరిహారం అడగడానికి కూడా గొంతు పెగలదు.

కూలికి వెళ్లేవాడు ఎందుకు వెళతాడు? కొండమీద రాళ్లపొలం, జీడిమామిడి నాలుగు చెట్లు ఉన్నవాడికి ఒక్క మంచి ముక్క దొరికితే ఏడాది గడుస్తుందన్న ఆశ. అయిదు క్యారట్లు కలిస్తే ఒక గ్రాము. ఆ గ్రాములో సగం కూడా తూగని ముక్కకు నగరంలో పలికే ధరెంతో గోతిలో ఉన్నవాడికి తెలియదు. గోతి దగ్గర ఒక ధర, ఊళ్లో దళారి దగ్గర మరొకటి, సానపట్టే జైపూర్ చేరేసరికి ఇంకొకటి. దూరం పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది. ప్రాణం పణంగా పెట్టినవాడి వాటా మొదటి మజిలీలోనే ఆగిపోతుంది.

ఈ దోపిడీలో వెలుగు పాత్ర కూడా ఉంది. రంగుమారడం ఎంత స్పష్టంగా ఉంటే రాయికి అంత విలువ. దాన్ని తేల్చుకోవాలంటే రెండు దీపాలు కావాలి, ఒకటి పగటి వెలుగు, మరొకటి ఎర్రపాలు ఎక్కువున్న దీపం. అర్ధరాత్రి తెల్లటి ఎల్ఈడీ టార్చి కింద చూసేవాడికి రాయి అంతంతమాత్రపు పచ్చరాయిలా కనిపించొచ్చు. తెల్ల ఎల్ఈడీ గుండె నిజానికి నీలందీపం. దానిమీద పూసిన పసుపు రసాయనం ఆ నీలంలో కొంత తిని పసుపు కక్కుతుంది, రెండూ కలిసి తెలుపనిపిస్తాయి. ఎరుపు అందులో తక్కువే. ‘ఇందులో ఏముందయ్యా’ అని కొనేవాడు తేల్చేస్తే తవ్వినవాడు కాదనలేడు.

వెనకటికి ఇంట్లో బుడ్డిదీపమో అరవై క్యాండిళ్ల బల్బో ఉండేది. 2015లో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్ఈడీలు ఊరూరా వచ్చి ఫిలమెంటు బల్బు మూలకు పోయింది. కరెంటు ఆదా అయింది, మంచిదే. కానీ ఈ రాయిని పరీక్షించే చౌకైన పనిముట్టు మాత్రం పోయింది. ఇప్పుడు దేవుడి దగ్గరి నూనెదీపమే గతి. కొనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అలెగ్జాండ్రైట్ పేరుతో బజారులో అమ్మేవాటిలో వెనేడియం కలిపి తయారుచేసిన కృత్రిమ కురువిందం రాళ్లు బోలెడు. అవీ రంగు మారతాయి. కాకపోతే బూడిదనీలం నుంచి ఊదాకు. పచ్చనుంచి ఎరుపుకు కాదు.

చట్టాలు లేకనా? 1980నాటి అటవీ సంరక్షణ చట్టం ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో అయితే 1/70 ఉంది. పక్కనున్న అనంతగిరి మండలంలోని గనుల వివాదంలోంచి పుట్టిన సమతా కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. దాడులు జరుగుతాయి, గోతులు పూడుస్తారు, కొన్నాళ్లకు మళ్లీ తెరుచుకుంటాయి. దొరికేది ఎప్పుడూ గోతిలో ఉన్నవాడే.

వాల్తేరు నుంచి ఓ చూపు

వెలుతురు పదార్థాన్ని తాకినప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్నకు ఈ జిల్లాతో పాత చుట్టరికమే ఉంది. సి.వి.రామన్ తండ్రి 1892లో విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. రామన్ బాల్యం, చదువు ఆ సముద్రం ఒడ్డునే. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. తర్వాత 1928 ఫిబ్రవరి 28న ఆయన ప్రకటించిన ఫలితమేమిటంటే... పదార్థంమీద పడి చెదిరిన కాంతిలో అతికొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఎంత మారిందన్నది ఆ పదార్థంలోని అణువుల కంపనాన్నిబట్టి ఉంటుంది. అంటే ప్రతి పదార్థానికీ ఒక వేలిముద్ర.

ఆయన శిష్యుల్లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి పేరు తెచ్చారు. మరో శిష్యుడు సి.మహదేవన్ అక్కడే భూవిజ్ఞాన శాఖను నిలబెట్టారు. రామన్‌కు రాళ్లంటే ప్రాణం. చంద్రకాంతశిల, ఒపల్, వజ్రం... వాటి మెరుపుల మీద దశాబ్దాలు పరిశోధించాడు. ఇప్పుడు రత్నాల ప్రయోగశాలల్లో రాయిని గీయకుండా, చెక్కకుండా లేజరు వేసి అదేమిటో క్షణాల్లో చెప్పేది ‘రామన్ స్పెక్ట్రోమీటరే’. కళ్లకు పచ్చరాయి, పచ్చగాజు ఒక్కటే. ఆ పరికరానికి కాదు.

అన్నట్టు లేజరుకూ ఈ రాళ్లకూ చుట్టరికమే. 1960 మేలో అమెరికాలో మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజరు గుండె ఓ కృత్రిమ కెంపు కడ్డీ. వెలుగునిచ్చింది అందులోని క్రోమియమే. 1970ల చివరికి అలెగ్జాండ్రైట్ స్ఫటికాలతోనూ లేజర్లు వచ్చాయి. నగరాల్లో చర్మవైద్యుల దగ్గర అవాంఛిత రోమాలు తీయడానికి వాడే 755 నానోమీటర్ల లేజరు అదే. రోమంలోని నల్లటి రంగుపదార్థం ఆ కాంతిని మింగి వేడెక్కుతుంది. దానికి కొండరాయి అక్కర్లేదు, ప్రయోగశాలలో పెంచిన స్ఫటికం చాలు.

మంచుకు రంగెందుకు లేదు?

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా కార్లు బారులు తీరుతాయి. అన్నీ లంబసింగికే. సుమారు 30 కిలోమీటర్లు పైకి, వెయ్యి మీటర్ల ఎత్తుకు. తెల్లవారుజామున అక్కడ చెట్టూ చేమా అన్నీ పాలలో ముంచినట్టుంటాయి. ఇదీ వెలుగు ఆటే. గాలి అణువులు చాలా చిన్నవి, నీలాన్నే ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం అందుకే నీలం. పొగమంచు బొట్టు కాంతి తరంగం కన్నా ఎన్నోరెట్లు పెద్దది. దానికి రంగుల తేడా పట్టదు, అన్నిటినీ సమానంగా చిమ్ముతుంది. అన్నీ కలిస్తే తెలుపు. ఎనిమిదింటికి ఎండ కాస్త గట్టిపడగానే తెర తొలగి, లోయలో వలిసెపూల పసుపు బయటపడుతుంది. ఫొటోలు తీసుకున్నవాళ్లు టీ తాగి, కాఫీపొడి పొట్లాలు కొనుక్కుని దిగిపోతారు. కరక వైపు చీలే రోడ్డును చూసేవాళ్లు తక్కువ.

ఆ రోడ్డుమీదుగా చీకట్లో దిగిన రాయి ఎక్కడెక్కడో తిరిగి, సానపట్టాక ఓ ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడ దాన్ని తూస్తారు, వక్రీభవన గుణకం 1.75 దగ్గరుందా అని చూస్తారు, పగటి దీపంకింద ఒకసారి, పసుపు దీపంకింద ఒకసారి ఫొటో తీస్తారు. లోపలి మలినాలనుబట్టి పుట్టిల్లు కూడా అంచనా కడతారు. చివరికి ధ్రువపత్రంలో బరువు, కొలతలు, రెండు రంగుల పేర్లు పక్కపక్కన ఉంటాయి. మూలస్థానం అన్నచోట రాసేది దేశం పేరు... ‘ఇండియా’ అని.